తలుపు లోపలి రంగు

మా నాయిన రంగు వేసిన చివరి బండి ఎనభై ఆరు మార్చిలో వేంసూరు నుంచి వచ్చింది. పాత అంబాసిడర్. చూడటానికి తెల్లగా ఉంది గానీ అది ఎవరో తొందరలో కొట్టిన తెలుపు. డోర్ల మీద రంగు కారిన చారలు కారినట్టే ఎండిపోయాయి. బానెట్ అంచుల దగ్గర తుప్పు పొంగి పెచ్చులు లేచాయి.

ఏన్కూరులో కొత్తగూడెం పోయే రోడ్డు పక్కన మా షెడ్డు. ముందర రేకుల పందిరి, వెనకాల మేముండే రెండు గదులు. వెదురు లారీలు, బొగ్గు లారీలు, భద్రాచలం బస్సులు పొద్దంతా మా ముందు నుంచే పోయేవి. రంగు కలపడంలో నాయినకు పేరుండేది. ఖమ్మంలో పెద్ద షెడ్ల వాళ్లు కూడా రంగు కలవకపోతే ఒక రేకు ముక్కను బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవాళ్లు. సాయంత్రం బస్సుకు కలిపిన డబ్బా తిరిగి పోయేది.

బండిలోంచి అరవై దాటిన ఒక ఆవిడ దిగింది. ముతక నేత చీర, చేతిలో గుడ్డ సంచి. పేరు నిర్మలాదేవి అని తర్వాత తెలిసింది.

"జకర్యా అంటే నువ్వేనా?" అని నాయినను అడిగింది.

"నేనే అమ్మగారు."

"ఈ కారుకి కంపెనీ నుంచి వచ్చినప్పుడున్న రంగు మళ్లీ వెయ్యాలి."

"ఏం రంగుండె?"

ఆవిడ చెప్పబోయి ఆగింది. "నీలమంటే నీలం కాదు. బూడిద రంగంటే అదీ కాదు. నా కళ్లకి తెలుసు గానీ నోటితో చెప్పలేను."

నాయిన నవ్వాడు. "చెప్పకున్రి. బండే చెప్తది."

స్క్రూడ్రైవర్ తెచ్చి ఎడం పక్క డోరు లోపలి ప్యాడు ఊడదీశాడు. దాని వెనకాల ఎండా వానా తగలని రేకు బయటపడింది. తడిగుడ్డతో తుడిచాడు. పలక మీద నీలం సుద్ద రుద్ది చేత్తో తుడిచేస్తే మిగిలే రంగు. నిర్మలాదేవి గారు దాని మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

ఆవిడ భర్త వెంకటప్పయ్య గారు అంతకు ముందు కార్తీకంలో పోయారు. అరవై ఐదులో ఆయన మద్రాసు నుంచి ఆ బండి తోలుకొచ్చారట. తర్వాత పెద్దకొడుకు దాన్ని పెళ్లిళ్లకూ ఎలక్షన్లకూ కిరాయికి తిప్పుతూ తెల్లరంగు కొట్టించాడు.

"పొలాలు పిల్లలు పంచుకున్నారు. కారు ఎవరికీ అక్కర్లేక నాకిచ్చారు" అంది ఆవిడ మామూలుగా. "ఖమ్మంలో అడిగితే మొత్తం రేకు దాకా గీకాలి, రంగు బెజవాడ నుంచి తెప్పించాలి అన్నారు. అంత నేను పెట్టలేను."

నాయిన బండి చుట్టూ తిరిగి అక్కడక్కడా గోటితో గీకి చూశాడు. "అంత అక్కర్లేదమ్మా. కింద కంపెనీ రంగు గట్టిగనే ఉన్నది. దాన్నట్లనే ఉంచి మీది తెల్లది రుద్ది తీస్తం. తుప్పు పట్టినకాడ మాత్రం రేకు దాకా పోదాం. రుద్దుడు మా ఇంటోల్లమే చేస్తం, కూలి పడది. రంగు కొనుడు కూడ లేదు. నా తాన ఉన్న డబ్బాలల్లనే కలుపుత."

"కలిపితే అదే వస్తుందా?"

"రాకుంటే పైసలియ్యకున్రి."

ఆ మాట నాయిన అందరితోనూ అనేవాడు. అని ఏనాడూ నష్టపోలేదు.

*

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఇంటర్ రెండోసారి రాసి ఖాళీగా ఉన్నాను. అమ్మ, నేను, రేకుపని చేసే సోమ్లా ముగ్గురం కూర్చుని రుద్దేవాళ్లం. సోమ్లాది కారేపల్లి దగ్గర తండా. నాయినకు పదేళ్ల నుంచీ స్నేహితుడు. తుప్పు తిన్న చోట్లన్నీ కోసి అతుకులు వేశాడు. మేం బకెట్‌లో నీళ్లు పెట్టుకుని గరుకు వాటర్ పేపర్‌తో తెల్లరంగు మీద రుద్దుతుంటే అది పాలలాగా కిందికి కారేది. వేళ్ల కొనలు అరిగి ఎర్రగా అయ్యేవి. కూరలో కారం తగిలితే మంట.

నిర్మలాదేవి గారు వారానికోసారి బస్సులో వచ్చేది. మొదటిసారి స్టూలు మీద కూర్చుని చూసి పోయింది. రెండోసారి, "నాకూ ఒక పేపర్ ముక్క ఇవ్వమ్మా" అని కొంగు దోపుకుంది.

"మీరెందుకమ్మగారు" అంది అమ్మ.

"కూర్చుంటే ఏం తోచదు విశ్రాంతమ్మా." నా వైపు తిరిగి, "ఎంతవరకు రుద్దాలి?" అని అడిగింది.

"నీలం కనపడంగనే ఆపాలె. లేకుంటే అది కూడ పోతది."

ఆవిడ డ్రైవరు పక్క డోరు దగ్గర కూర్చుని, నేర్చుకునే పిల్లలాగా జాగ్రత్తగా రుద్దింది. కాసేపటికి ఆగి నన్ను పిలిచింది. కిటికీ కింద అంచులో బెత్తెడు చోట కంపెనీ రంగు కూడా లేదు. రేకు నున్నగా అరిగి మెరుస్తోంది.

"నేను ఎక్కువ రుద్దానా?"

నేను చెయ్యి పెట్టి చూశాను. "కాదమ్మగారు. ఇది తెల్లది వెయ్యకముందే అరిగింది."

ఆవిడకు అర్థమైంది. "ఇక్కడ మోచెయ్యి ఆనించి నడిపేవారు" అంది. ఆ చోటు వేలితో తడిమి, "దీని మీద కూడా రంగు పడుతుందా?" అని అడిగింది.

"పడతదమ్మగారు. లేకుంటే తుప్పు పడతది."

"రంగే పడనీ అయితే" అంది. మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది. ఆ చోటును మాత్రం తాకలేదు.

*

ఏప్రిల్ రెండో వారంలో బండి రంగు కొట్టడానికి సిద్ధమైంది. రంగు కలిపే పని నాయిన ఎప్పుడూ పొద్దున్నే చేసేవాడు. ఎండ ముదిరితే రంగు అబద్ధం చెప్తుందనేవాడు. ఆ శనివారం పెద్ద డబ్బాలో తెలుపు, బూడిద, కొంచెం పసుపు పోసి, నీలం గరిటెతో పోస్తూ, నలుపు చెంచాతో వేస్తూ గంటసేపు కలిపాడు. రేకు ముక్క మీద పూసి, ఆరాక డోరు లోపలి రంగు పక్కన పెట్టాడు.

"రిబ్కా, ఇటు రా బిడ్డ. చూడు, కలిసిందా?"

నా చిన్నప్పటి నుంచీ నన్నలా అడగడం అలవాటు. నీ కండ్లు లేతయి అనేవాడు. నేను ఇంకొంచెం నలుపు పడాలనో, మెరుగు చాలలేదనో అంటే నవ్వి మరో చుక్క వేసేవాడు. ఈమధ్య మరీ ఎక్కువగా అడుగుతున్నాడు. నేనది ముద్దనుకున్నాను.

ఆ రోజు దగ్గరికి వెళ్లి చూశాను. రేకు మీద ఉన్నది నీలం కాదు. పచ్చ. లేతగా, నాచు పట్టిన గోడలాగా. ఒక చుక్క ఇటో అటో కాదు, దారిన పోయే ఎవరైనా చెప్పగలిగేంత తేడా. నాయిన దాన్నే డోరుకు ఆనించి తృప్తిగా చూస్తున్నాడు. ఆయన ముఖంలో ఏ అనుమానమూ లేదు.

"కలిసిందా?" అని మళ్లీ అడిగాడు.

"అవ్ నాయినా" అన్నాను.

నాయిన నా ముఖంలోకి చూసి తలూపాడు. డబ్బాకు మూత పెట్టాడు. "ఇయ్యాల కరెంటు నమ్మకం లేదు. సోమారం కొడ్దాం."

అమ్మ పెరట్లో అంట్లు తోముతోంది. పక్కన కూర్చుని చెప్పాను. అమ్మ గిన్నె పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

"నాకు వానకాలం కాన్నుంచే ఎర్కె" అంది. "నా నీలం చీరను పచ్చ చీర అన్నడు. రెండుసార్లు. నేను ఊకున్న."

"చెప్పాలె గదమ్మా."

"చెప్పి? ఆ పెద్దమ్మ ముందల మాటిచ్చిండు. పదూర్లల్ల ఆయన కన్నుకు పేరున్నది. నీ కన్ను పోయిందయ్యా అని మనం చెప్దామా?" అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఈ ఒక్క బండి పోనియ్యి. తర్వాత ఖమ్మం దవాఖానకు తోలుకపోదాం. అద్దాలిస్తే సాఫైతదేమో."

మర్నాడు ఆదివారం. నాయిన చర్చి సంఘంలో పెద్ద. చాపలు పరవడానికి అందరికంటే ముందు పోయేవాడు. నేను తలనొప్పి అన్నాను. అమ్మ బైబిలు పట్టుకుని ఆయన వెనకాల నడుస్తూ ఒక్కసారి తిరిగి నా వైపు చూసింది.

వాళ్లు మలుపు తిరిగాక డబ్బా మూత తీశాను. గరిటెడు నీలం పోసి కలిపాను, పూశాను, ఆరనిచ్చాను. ఇంకా పచ్చే. మరో గరిటె, ఆ తర్వాత ఇంకొకటి. పచ్చ తగ్గింది గానీ రంగు మరీ మెరుస్తోంది. అర చెంచా నలుపు, రెండు చుక్కల ఎరుపు. దూరం నుంచి చర్చిలో పాట వినిపిస్తూ ఉంది. పాట అయిపోయి ప్రసంగం మొదలైందని మైకును బట్టి లెక్క పెట్టుకుంటూ కలిపాను. ఏడోసారి పూసిన రేకు ఆరాక డోరుకు ఆనిస్తే రెంటికీ మధ్య హద్దు కనపడలేదు.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఒక్కదాన్నే షెడ్డులో నిలబడి నవ్వాను. ఎవరి సాయమూ లేకుండా నాయిన పని నేను చేశాను. అప్పుడు నవ్వినందుకు నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

గరిటె తిన్నర్‌తో కడిగి, డబ్బాలు ఎక్కడివక్కడ పెట్టి, పూసిన రేకు ముక్కలు కట్టెల కింద దాచాను.

*

సోమవారం పొద్దున కరెంటు ఉంది. నేల మీద నీళ్లు చల్లాం, దుమ్ము లేవకుండా. నాయిన ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు. డబ్బాలు పక్కకు జరిపి, కలిపిన రంగు మూత తీసి కర్రతో తిప్పాడు. కర్ర పైకెత్తి, రంగు కారుతుంటే చూస్తూ కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత రంగు చిమ్మే గన్నులో పోశాడు. ఎప్పుడూ కొట్టే ముందు ఇంకోసారి రేకు మీద పూసి చూసుకునేవాడు. ఆ రోజు చూసుకోలేదు. నాకప్పుడది తట్టలేదు.

నాయిన గన్ను పట్టుకుంటే చూడాలి. భుజం నుంచి వేలి దాకా చెయ్యంతా ఒకే వేగంతో కదిలేది. ఒక పొర మీద ఇంకో పొర సగం పడేలా, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా కారకుండా. మచ్చలు మచ్చలుగా ఉన్న బండి మూడు పొరలు పడేసరికి డోరు లోపలున్న రంగులోకి వచ్చేసింది. సోమ్లా బీడీ వెలిగించడం మర్చిపోయి చూశాడు.

"జకర్యన్నా, కంపెనీ నుంచి ఇప్పుడే దిగినట్టున్నది" అన్నాడు.

నాయిన తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు.

మూడు రోజులు ఆరనిచ్చి, కాంపౌండుతో రుద్ది మెరుగు పెట్టాం. శుక్రవారం నిర్మలాదేవి గారు డ్రైవరు రాందాసును వెంటబెట్టుకుని వచ్చింది. షెడ్డు ముందు బస్సు దిగి రోడ్డు మీదే ఆగిపోయింది. రాందాసు చెయ్యి పట్టుకుని దాటించాడు. బండి చుట్టూ తిరగలేదు. తిన్నగా డ్రైవరు పక్క డోరు దగ్గరికి పోయి, కిటికీ అంచు మీద చెయ్యి వేసింది. అరిగిన చోటు ఎక్కడో ఇప్పుడు తెలియదు. చెయ్యి అటూ ఇటూ జరిపి వెతికింది.

"అదే రంగు" అంది చివరికి. కళ్లు తుడుచుకుని నాయిన వైపు తిరిగింది. "ఇరవై ఏళ్ల కిందటి రంగు. డబ్బా లేదు, రంగు పేరూ తెలియదు. ఎలా కలిపావయ్యా?"

"నేను కొట్టిన్నమ్మా, అంతే" అన్నాడు నాయిన. "కలిపింది మా బిడ్డ."

అమ్మ వాకిట్లో నిలబడిపోయింది. నిర్మలాదేవి గారు నా దగ్గరికొచ్చి రెండు చేతులతో నా ముఖం పట్టుకుని ఏవేవో మంచి మాటలు అంది. ఒక్కటీ నాకు గుర్తు లేదు. నేను నాయిన వైపు చూస్తున్నాను. ఆయన వంగి డోరు ప్యాడు స్క్రూలు సరిగ్గా బిగిశాయో లేదో వేలితో తడిమి చూస్తున్నాడు.

బండి తల్లాడ వైపు వెళ్లిపోయింది. సోమ్లా తండాకు పోయాడు. నాయిన డబ్బాల దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ తుడిచి మూత బిగిస్తున్నాడు. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"ఎట్ల తెలిసింది నాయినా?"

"నీలం డబ్బా జరుపంగ తేలికగున్నది." ఇంకో మూత బిగించాడు. "ఎన్ని గరిటెలు పోసినవ్?"

"మూడు. అర చెంచా నలుపు."

"ఎరుపు?"

"రెండు చుక్కలు."

"అంతే పడాలె. మంచిగ చేసినవ్." అందులో వెటకారం లేదు. నిజంగానే అన్నాడు. ఆఖరి మూత బిగించి, "నేనడిగితే అవ్ అన్నవ్ కద బిడ్డ" అన్నాడు.

నేను డబ్బా మీద కారిన రంగును గోటితో గీకాను.

"నా కండ్లు పోవుడు నాకు తెల్వదనుకున్నవా? రెండేండ్ల సంది నీలం, పచ్చ నాకు ఒక్కతీరుగనే ఉన్నయి. అందుకే నిన్నడుగుతున్న. నువ్వు చాలలేదంటే వేసిన, చాలంటే ఆపిన. గీ రెండేండ్లు కలిపినయన్ని నీ కండ్లతోనే కలిపిన."

"నాయినా, నువ్వు బాధ పడతవని..."

"నువ్వు కాదంటె ఇంకో గరిటె పోస్తుంటి. నీ నోటి మాట మీద ఇంకో పదేండ్లు చేస్తుంటి."

"ఇకనుంచి ఉన్నదున్నట్టే చెప్త నాయినా. ఒట్టు."

"చెప్తవ్ బిడ్డ. నా మీద జాలైన రోజు మళ్ల అవ్ అంటవ్. ఏది జాలో ఏది రంగో నాకెట్ల తెలుస్తది?"

అంతే. గొంతు పెంచలేదు. లేచి చేతులు కడుక్కుని, అన్నం పెట్టమని అమ్మను పిలిచాడు.

*

ఆ నెలలో ఇంకో రెండు బండ్లు వచ్చాయి. నాయిన రెండింటినీ ఖమ్మం పంపించాడు. నేను కలుపుతాను, నువ్వు కొట్టు నాయినా అని బతిమాలాను. సోమ్లా కూడా చెప్పి చూశాడు. "రంగు తప్పు పోతే తెలుసుకొనీకి నేనెవరి ముఖం చూడాలె?" అన్నాడు నాయిన. మే నెల చివర్లో కంప్రెసరు, గన్ను ఇల్లెందు నుంచి వచ్చినవాళ్లు కొనుక్కుపోయారు. కంప్రెసరు లారీలోకి ఎక్కిస్తుంటే ఆయనే ఒక పక్క పట్టుకున్నాడు. తల్లాడ దారిలో ఒక పత్తి మిల్లులో కాపలా పని కుదిరింది. జూన్ నుంచి రమ్మన్నారు.

పనిలో చేరకముందే అమ్మ పట్టుబట్టి ఖమ్మం పంపింది. నేను వెంట వెళ్లాను. కళ్ల డాక్టరు దీపం వేసి చూసి, రక్తం పరీక్ష రాసి, మధ్యాహ్నం మళ్లీ రమ్మన్నాడు. షుగరు ఉందన్నాడు. ఎన్నేళ్ల నుంచో తెలియదన్నాడు. కంటి నరాలకు పట్టింది, ఉన్నది కాపాడుకోండి, పోయింది రాదు అన్నాడు. నాయిన దండం పెట్టి బయటికొచ్చాడు. మెట్ల దగ్గర నేను చెయ్యి పట్టుకుంటే వదిలించుకోలేదు.

బస్సుకు ఇంకా టైముంది. "కమాన్ బజార్ల తిరిగి పోదాం. నీకొక చీర కొనాలె" అన్నాడు.

"నాకెందుకు నాయినా ఇప్పుడు?"

"ఆ పెద్దమ్మ బండి నువ్వు చేసినవ్. నీ కష్టం నీకియ్యొద్దా?"

చిన్న బట్టల దుకాణం. నాయిన మెట్టు మీద చెప్పులు విడిచి, పరుపు మీద కూర్చుని, సేటు పరిచిన వాయిల్ చీరలను ఒక్కొక్కటే వేళ్ల మధ్య నలిపి చూశాడు. నేత తెలిసేది ఆయనకు. ఒకదాని దగ్గర ఆగాడు. మెత్తగా, సన్నంచుతో ఉంది. నాకు చూడగానే నచ్చింది.

"ఇదేం రంగు?" అన్నాడు.

సేటు అప్పుడే కింది అరలోంచి ఇంకో కట్ట తియ్యడానికి వంగాడు. నేను నాయినకు ఆనుకునే కూర్చున్నాను.

"ఆకుపచ్చ నాయినా" అన్నాను.

నాయిన తిరగలేదు. చీర మడత వేళ్ల మధ్య పట్టుకుని అలాగే కూర్చున్నాడు. సేటు కట్ట తీసి, దుమ్ము దులిపి, పైకి లేచేదాకా చూశాడు.

"సేటూ, ఇదేం రంగు?"

"ఆకుపచ్చ" అన్నాడు సేటు.

"అట్లయితే ఇదే కట్టియ్యి" అన్నాడు నాయిన.